ఏ స్టాపులో దిగాలి

పోయింది. సరిగ్గా నేను మౌసు మీద చెయ్యి వేసిన క్షణంలోనే పోవాలా ఈ కరెంటు, ఇంకాస్త ఆగితే దాని సొమ్మేం పోయేది, తెర ఒక్కసారి మూలిగి మధ్యలో తెల్లచుక్కగా ముడుచుకుపోయింది, ఆ చుక్క కూడా ఆరిపోయింది, పైన ఫ్యాన్లు కిర్రుకిర్రుమంటూ నెమ్మదించి ఆగిపోయాయి. అప్పటిదాకా వినపడని చప్పుళ్ళన్నీ ఇప్పుడు వినపడుతున్నాయి, ఎవరో పేజీ తిప్పడం, ఎవరో ముక్కు ఎగబీల్చడం, కిటికీ అవతల చింతచెట్టు మీద ఉడుతల తగువు. "పదకొండింటికి వస్తదట మేడం, సబ్‌స్టేషన్ల ఏదో పని నడుస్తున్నదట, ఫోన్ జేసి అడిగిన," అంటున్నాడు సత్తయ్య, ఈ లైబ్రరీ అటెండరు, భుజం మీది తువ్వాలుతో విసురుకుంటూ. పదకొండింటికేనా, భేషుగ్గా ఉంది. పదకొండింటికే రంగనాథ్ సారు కూడా వస్తారు. హిస్టరీ ప్రొఫెసరు, లైబ్రరీ కమిటీకి పెద్ద, మాట ఇస్తే నిమిషం ఆలస్యం చేయని మనిషి. అంటే కరెంటూ ఆయనా చేయి చేయి పట్టుకుని ఒకేసారి లోపలికి వస్తారన్నమాట. అప్పటికి ఈ పెట్టె పని చేయాలి. ఇప్పుడు చేయడం లేదు. ఎందుకు చేయడం లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నా ముందు ఒక గంట ఉంది, కంప్యూటరు లేదు, తల ఒక్కటే ఉంది, అదీ ఏప్రిల్ ఎండకు ఉడుకుతోంది.

నవ్వొస్తోంది, నవ్వాల్సిన సమయం కాకపోయినా. ఎంసీఏ ఆఖరు సంవత్సరం మొత్తం నేనూ గిరీషూ ఈ పని మీదే ఉన్నాం, ఈ యూనివర్సిటీ లైబ్రరీలో ఏయే పుస్తకాలున్నాయో ఎక్కడో కూర్చున్నవాళ్ళు కూడా కంప్యూటరులో చూసుకునేట్టు చేయాలని, నల్గొండ కాలేజీలోనో పాలమూరు కాలేజీలోనో ఒక పిల్ల ఒక పేరు నొక్కితే ఆ పుస్తకం ఇక్కడ ఏ బీరువాలో ఉందో, ఎవరైనా తీసుకుపోయారో, తెర మీద కనపడాలని. మా డిపార్ట్‌మెంటు ల్యాబులో గుర్రంలా పరిగెత్తుతుంది. కానీ రంగనాథ్ సారు మెలిక పెట్టారు. "మీ ల్యాబులో కొత్త మిషన్ల మీద ఆడించి చూపిస్తే నాకేం లాభమమ్మా? జిల్లా కాలేజీల్లో ఉన్నవన్నీ మా లైబ్రరీ కిటికీ పక్కనున్న డబ్బాలాంటివే. దానిమీద ఆడితే ఒప్పుకుంటాను. ఆడకపోతే కంపెనీవాళ్ళ సరుకు ఉండనే ఉంది, అదే కొనేస్తాం." ఆ డబ్బా ఇదే, నా ముందున్నది, ఎవరో దానమిచ్చినది, రంగు పోయి పసుపు ముద్ద అయినది, దాని లోపల మూడేళ్ళ కిందటి బ్రౌజరు, కొత్తది ఎక్కించడానికి దానికి చోటు లేదు. నిన్న సాయంత్రం మొదటిసారి దీనిమీద చూశాం. మొదటి పేజీ చక్కగా వచ్చింది, అట్టహాసంగా, తెలుగు పుస్తకాలు అని. నేను సత్తయ్యకు సినిమా చూపించినట్టు చూపిస్తూ కథలు అనే మాట మీద నొక్కాను. మీరు అడిగిన పేజీ లేదు అంది. నవలలు నొక్కాను. లేదు. చరిత్ర నొక్కాను. లేదు. "గంతేనా మేడం?" అన్నాడు సత్తయ్య జాలిగా.

లేదు అన్న మాట అంటే నాకు చిన్నప్పటినుంచీ పడదు. అమ్మ, మా సుగుణమ్మ టీచరు, ప్రైవేటుగా ఎమ్మే కట్టిన రోజుల్లో శనివారం శనివారం నన్ను చంకనేసుకుని నల్లకుంట నుంచి బస్సెక్కి ఇక్కడికే వచ్చేది, అదిగో అక్కడ, ఆ చెక్క అరల దగ్గర నిలబడి కార్డులు ఒక్కొక్కటే వేలితో తిప్పుతూ, నేను కింద కూర్చుని ఆమె చెప్పుల పట్టీలు విప్పి పెట్టి విప్పి పెట్టి ఆడుకుంటూ, చివరికి కార్డు దొరికేది, అమ్మ ముఖం వెలిగిపోయేది, కౌంటరు దగ్గరకు పరుగు, అక్కడ కళ్ళద్దాల ఆయన లోపలికెళ్ళి వచ్చి, "లేదమ్మా, ఎవరో పట్టుకెళ్ళారు" అనేవాడు. పోనీలే, వచ్చే శనివారం, అనేది అమ్మ, కోపం లేకుండా, ఆమెకు కోపం ఎందుకు రాదో నాకు అప్పుడూ అర్థం కాలేదు ఇప్పుడూ అర్థం కాదు, ఆమె వంతు కోపం కూడా నాకే వచ్చినట్టుంది. తార్నాక చౌరస్తాలో నాకు ఒక సమోసా కొనిపెట్టి, తను తినకుండా, కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళేది. అలా ఎన్ని శనివారాలో. లేదు అనే ఒక్క మాట వినడానికి మనిషి అంత దూరం రాకూడదు. నా పంతమల్లా అదే, ప్రాజెక్టు రిపోర్టులో వేరే ఏవో పెద్ద మాటలు రాశాను గానీ అసలు సంగతి అదే. అలాంటిది, నేను చేసిన పేజీయే, ఉన్న పుస్తకాన్ని పట్టుకుని, లేదు అంటోంది. నా ముఖం మీదే అంటోంది.

ఫ్యాను రెక్క మీద పిచ్చుక వాలింది. ఎప్పుడూ చూడలేదు లోపల పిచ్చుకల్ని, ఫ్యాన్లు ఆగగానే వస్తాయి కాబోలు, కిటికీ ఊచల్లో కాచుక్కూర్చుంటాయి కాబోలు, ఒకటి రాగానే రెండోది, రెక్క కాస్త కదిలేసరికి రెండూ కంగారుపడి మళ్ళీ సర్దుకున్నాయి, తిరగని ఫ్యాను వాటికి ఉయ్యాల. సత్తయ్య తల పైకెత్తి వాటికేసి చూసి, "కరెంట్ వస్తే సూడుండ్రి వీటి తమాషా," అంటున్నాడు. నేనిక్కడ చెమటలో తడుస్తూ ఆలోచిస్తున్నాను. ల్యాబులో పనిచేసినది ఇక్కడెందుకు చేయదు? అదే పేజీ, అదే సర్వరు, మా డిపార్ట్‌మెంటులో మూలగదిలో బుర్రుమంటూ ఉండే ఆ పెద్ద మిషనే ఇక్కడికీ పంపేది, అక్కడికీ పంపేది. తేడా అల్లా తీసుకునేవాడిలో ఉంది. ల్యాబులో కొత్త బ్రౌజరు, ఇక్కడ ముసలాయన. ముసలాయనకు వినిపించనిదేదో మేం చెబుతున్నాం. ఏమిటది? గిరీషు పొద్దున్నే అక్కడికి వెళ్ళి కూర్చున్నాడు, సర్వరుకు బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా అది బతికే ఉంటుంది, ఆ చివర నుంచి అతను వెతుకుతున్నాడు, ఈ చివర నుంచి నేను, మధ్యలో సత్తయ్య కౌంటరు మీది ఫోను. ఆ ఫోనిప్పుడు మోగుతోంది.

"నీకే మేడం, గిరీష్ సారు."

"ఏమన్నా తగిలిందా?" అంటున్నాడు గిరీషు. అనంతపురం మనిషి, ఎంత తొందరలో ఉన్నా మాట మాత్రం తాపీగానే వస్తుంది.

"ఇక్కడ కరెంటే లేదు, ఏం తగులుతుంది? షాకు కూడా తగలదు."

"నేను ఈడ అన్నీ చూసినా. పేజీలన్నీ ఉండాయి. యాడివి ఆడనే ఉండాయి. ఆ డబ్బా మాత్రం లేని చోట్లో పోయి వెతుకుతాండాది. కథలు అని నొక్కితే తెలుగు లోపల వెతకల్ల కదా, బయటెక్కడో వెతుకుతాండాది. ఎందుకో తెలీడంల్యా."

"బయటా?"

"బయటే. సరేలే, ఇంకోసారి చూస్తా. నువ్వు నీళ్ళు తాగు, ఎండగా ఉంది," అని పెట్టేశాడు. ఎండగా ఉందట. నాకు తెలియదు మరి. కానీ నీళ్ళు తాగాను, సత్తయ్య కూజాలోంచి, చల్లగా, మట్టివాసనతో.

బయట వెతుకుతోంది. లోపల ఉన్నదాన్ని బయట వెతుకుతోంది. మేం దారులన్నీ చిన్నవిగా రాశాం, అది గిరీషు ఆలోచన, క్యాంటీన్‌లో ఒక రోజు ఉప్మా తింటూ చెప్పాడు, ఎందుకబ్బా ప్రతి లింకులోనూ ఊరూ పేరూ అంతా రాయడం, పక్కగదిలో ఉన్న మనిషిని పిలవడానికి పిన్‌కోడు ఎందుకు, కథలు అని రాస్తే చాలు, ఎక్కడున్నావో అక్కడి నుంచి చూసుకుంటుంది. నాకూ నచ్చింది. రేపు ఇదంతా డిపార్ట్‌మెంటు మిషన్ నుంచి లైబ్రరీ మిషన్‌కు మార్చినా దారులు తిరగరాయనక్కర్లేదు, ఇల్లు మొత్తం ఎత్తుకుపోయి వేరేచోట పెట్టినా వంటిల్లు పడకగది పక్కనే ఉంటుంది కదా. బ్రహ్మాండంగా ఉంది అన్నాను, అతని ప్లేటులోని జీడిపప్పు కూడా తీసుకున్నాను. ఎక్కడున్నావో అక్కడి నుంచి. నిన్న ఈ డబ్బాలో పైన అడ్రసు పట్టీలో ఏదో తేడాగా కనిపించింది, ఏమిటది, కంటికి ఆనింది గానీ బుర్రకెక్కలేదు. ల్యాబులో తెలుగు అన్న మాట తర్వాత చివర ఒక ఏటవాలు గీత, స్లాష్, ఉంటుంది. ఇక్కడ లేదు. లేకపోతే ఏం, నేను కొట్టినప్పుడు గీత కొట్టలేదు, అయినా పేజీ వచ్చింది కదా, ఎవరూ కొట్టరు, రంగనాథ్ సారూ కొట్టరు, ల్యాబులో నేనూ కొట్టను, అక్కడ గీత దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆకలేస్తోంది. పొద్దున అమ్మ పెట్టిన ఇడ్లీ ఒకటి మిగిల్చి పరిగెత్తుకొచ్చాను, "తినెళ్ళవే, నీ డబ్బా ఎక్కడికీ పోదు" అని గుమ్మం దాకా వచ్చి అరుస్తూనే ఉంది.

అమ్మకు అడ్రసు చెప్పడం రాదు. ఇంటి నంబరు గుర్తుండదు, వీధి పేరు గుర్తుండదు, అన్నీ ఆనవాళ్ళే, అక్కడే, ఆ పక్కనే, దాని ఎదురుగానే. వానాకాలంలో మేం తార్నాక ఇల్లు ఖాళీ చేసి లాలాపేటకు మారినప్పుడు ఆదివారం చర్చిలో అందరినీ గృహప్రవేశ ప్రార్థనకు పిలిచింది, నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను, "లాలాపేటలోకి మారామండీ, బస్సు దిగి ముందుకు నడిస్తే ఇస్త్రీ బండి ఉంటుంది, అది దాటాక రెండో సందు, ఎడమచేతి వైపు మూడో ఇల్లు, ముందర జామచెట్టు, ఎవర్నీ అడగక్కర్లేదు." ఎవర్నీ అడగక్కర్లేదు! ఒక్క ముక్క తప్పు చెప్పలేదు పాపం. ఏ స్టాపులో దిగాలో మాత్రం చెప్పలేదు. మా వాళ్ళు ఏళ్ళ తరబడి మా ఇంటికి రావాలంటే తార్నాక స్టాపులో దిగడానికి అలవాటు పడినవాళ్ళు, ఆ సాయంత్రం కూడా కాళ్ళు వాటంతటవే అక్కడే దిగాయి, ఇరవైమంది, ముందు మా పాస్టరు జోయెల్ అయ్యగారు తెల్లచొక్కాలో, వెనక కంజీర చంకనపెట్టుకుని సైమన్ బాబాయి, ఆడవాళ్ళు కీర్తనల పుస్తకాలు పమిట కింద దాచుకుని, సన్నగా తుంపర. ముందుకు నడిచారు. ఇస్త్రీ బండి ఉంది, తార్నాకలో ఇస్త్రీ బండి లేని సందెక్కడుంది? దాటారు. రెండో సందు. ఎడమచేతి వైపు మూడో ఇల్లు. ముందర చెట్టు కూడా ఉంది, దానిమ్మ చెట్టు, వానలో చీకట్లు ముసురుకుంటుంటే జామా దానిమ్మా ఎవరు చూడొచ్చారు. తలుపు తీసే ఉంది, చెప్పులు విప్పి లోపలికెళ్ళి చాపల మీద కూర్చున్నారు.

అది గౌరమ్మ గారి ఇల్లు. గిరీషు వాళ్ళ అమ్మ. ఆవిడ వంటింట్లో మజ్జిగ చిలుకుతోందట, బయటికొచ్చి చూస్తే హాలు నిండా జనం. ప్రార్థనకొచ్చామమ్మా అన్నారు అయ్యగారు. ఆయన ఈవిడను మా అమ్మకు సాయం వచ్చిన పక్కింటావిడ అనుకున్నారు, ఈవిడేమో తన భర్త పిలిచిన వాళ్ళనుకుంది, "మా ఆయన ఎవురెవురినో పిల్చుకుంటాంటాడు, ఇంట్లో చెప్పడు" అని తర్వాత ఎన్నిసార్లు చెప్పి నవ్విందో. వచ్చినవాళ్ళను ఎవరు మీరు అని అడగడం ఆవిడకు చేతకాదు, సుగుణమ్మ గారేరీ అని అడగడం వీళ్ళకు మర్యాద అనిపించలేదు, ఆమె లోపల వంట హడావుడిలో ఉందనుకున్నారు. పాట మొదలైంది. సైమన్ బాబాయి కంజీర ఎత్తుకుంటే ఇక ఆగేది లేదు. గౌరమ్మ గారు అందరికీ గ్లాసుల్లో మజ్జిగ పోసింది, అల్లం, కరివేపాకు వేసి. ఇక గృహప్రవేశం కదా, మా వాళ్ళ పద్ధతి ప్రకారం అయ్యగారు లేచి గదిగదికీ వెళ్ళి ప్రార్థన చేయడం మొదలుపెట్టారు, గుమ్మం దగ్గర, వచ్చేవారూ పోయేవారూ క్షేమంగా ఉండాలని, వంటింట్లో, ఈ పొయ్యి ఎప్పుడూ చల్లారకూడదని, పడకగదిలో, మంచి నిద్ర పట్టాలని, గౌరమ్మ గారు వెనకే చేతులు కట్టుకుని నడుస్తూ ప్రతిదానికీ తలూపుతోంది, మంచి మాటలే కదా. అలా వెళ్ళి వెళ్ళి అయ్యగారు ఇంకో చిన్న తలుపు తోశారు. లోపల దీపం వెలుగుతోంది, వెంకటేశ్వరస్వామి పటం, పూలు, అగరొత్తులు. అయ్యగారు ఆ తలుపు అలాగే పట్టుకుని నిలబడిపోయారట. అప్పుడు గౌరమ్మ గారు మెల్లగా అందట, "ఆ గదికి మీరేం శ్రమపడాకండి సామీ, దానికి మేము రోజూ చేసుకుంటాంటాము."

ఎన్నిసార్లు తలుచుకున్నా ఇక్కడికొచ్చేసరికి నాకు నవ్వు ఆగదు, ఇప్పుడు లైబ్రరీలో నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను, సత్తయ్య అనుమానంగా చూస్తున్నాడు. అప్పుడే గిరీషు స్కూటరు మీద ఇంటికొచ్చాడు, గుమ్మంలో ఇరవై జతల చెప్పులు, లోపల కంజీర. ఎవరి కోసం వచ్చారండీ అని అడిగాడు, ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. సుగుణమ్మ టీచరు గారిల్లు కదా బాబూ, వాళ్ళమ్మాయి ప్రిస్కిల్లా యూనివర్సిటీలో చదువుతోంది అన్నారు అయ్యగారు. ప్రిస్కిల్లానా, మా క్లాసే, కానీ వాళ్ళు ఉండేది ఈడ కాదే అన్నాడు. అందరూ గబుక్కున లేచారు. గౌరమ్మ గారు ఒప్పుకుంటేనా, "దేవుని పాట సగంలో నిలిపి పోతే ఎట్లా, ముగించుకుని పోండి" అని కూర్చోబెట్టింది. పాట పూర్తిచేసి, ఇంకో గ్లాసు మజ్జిగ తాగి, అప్పుడు బయల్దేరారు, గిరీషు స్కూటరు నెట్టుకుంటూ ముందు, మా వాళ్ళు వెనక. అక్కడ అమ్మ కొబ్బరన్నం, కోడికూర చల్లారిపోతుంటే గుమ్మంలోనే నిలబడి ఉంది, నేను సందు చివరకూ ఇంటికీ తిరుగుతున్నాను, ఎవరూ రారేమో, కొత్త ఇంట్లో మొదటి రోజే ఇలా అయిందేమిటని అమ్మకు కళ్ళనీళ్ళొక్కటే తక్కువ. అప్పుడు సందు మలుపులో కంజీర వినపడింది. ముందర స్కూటరు నెట్టుకుంటూ, తడిసి ముద్దయి, క్లాసులో రెండేళ్ళు వెనక బెంచీలో కూర్చుని నాతో ఒక్క మాటా మాట్లాడని ఆ అనంతపురం అబ్బాయి. మా ఇల్లు అతనికీ తెలియదు. ఎలా తెచ్చావు అని అడిగాను తర్వాత, కొబ్బరన్నం వడ్డిస్తూ. మీ అమ్మ చెప్పిన దారి కరెక్టే కదా అన్నాడు, లెక్క మొదలుపెట్టిన చోటే తప్పు, లాలాపేట స్టాపుకు తీస్కపోయి ఆడినుంచి మల్లా లెక్కబెట్టించినా అంతే.

ఆగు.

ఆగాగు. దారి కరెక్టే. లెక్క మొదలుపెట్టిన చోటే తప్పు. నేను గీత లేకుండా తెలుగు అని కొడుతున్నాను, సర్వరు ఏమంటోంది, గీత లేకపోతే నువ్వు గుమ్మం బయటున్నట్టు, లోపలికి రా, ఇదిగో సరైన అడ్రసు అని గీత చేర్చి పంపుతోంది, ఇల్లు మారామండీ అని చెప్పినట్టు. కొత్త బ్రౌజరు లోపలికొచ్చి, నేనిప్పుడు లోపలున్నాను అని రాసుకుంటోంది, అందుకే ల్యాబులో గీత దానంతటదే వచ్చి కూర్చుంటోంది! ఈ ముసలాయన కూడా లోపలికి వస్తున్నాడు, పేజీ తీసుకుంటున్నాడు, కానీ ఇంకా పాత స్టాపులోనే ఉన్నాననుకుంటున్నాడు. పైన గీత లేదు, ఎందుకుంటుంది, ఆయన లెక్కలో ఆయన ఎక్కడికీ మారలేదు. ఇప్పుడు మేం కథలు అంటే, ఎక్కడున్నావో అక్కడి నుంచి పక్కనే అంటే, ఆయన గుమ్మం బయట నిలబడి, ఎడమచేతి వైపు మూడో ఇల్లు అని వెతుకుతున్నాడు. అక్కడ కథలు లేవు. పాపం కంప్యూటరుకు గౌరమ్మ గారు కూడా లేదు మజ్జిగ పోయడానికి, లేదు అని చెప్పేస్తోంది. దేవా! గట్టిగానే అన్నట్టున్నాను, ఎదురు బల్ల మీదివాళ్ళు తలలెత్తారు, పిచ్చుకలు కూడా. లేచి ఫోను దగ్గరకు పరిగెత్తాను, నా కుర్చీ కిందపడింది, పడనీ.

"గిరీష్, మా వాళ్ళు మీ ఇంటికొచ్చిన రోజు నువ్వేం చేశావు?"

"ఇప్పుడు దానికేమి?"

"చెప్పు ముందు."

"ఏముంది, లాలాపేట స్టాపుకు తీస్కపోయి మల్లా మొదట్నుంచి..." అని ఆగిపోయాడు. తర్వాత, "అబ్బా!" అన్నాడు. "ఆ డబ్బా తార్నాకలోనే దిగేసిందా!"

"దిగేసింది. చివర గీత చేర్చి పంపుతున్నాం కదా, ఆ సంగతి దానికి తలకెక్కలేదు."

"అయితే మనమే గీతతో కొడితే?"

"రంగనాథ్ సారు స్వయంగా కొడతారు. ఆయన వేలికి గీత కడతావా? దారులన్నీ పూర్తిగా రాయాలి. ప్రతిదీ మెయిన్ గేటు నుంచి మొదలవ్వాలి, ముందు ఒక గీత, పుస్తకాలు, తెలుగు, కథలు, అన్నీ. అప్పుడు అది ఏ స్టాపులో ఉన్నాననుకున్నా మనకు బాధ లేదు. లింకులు అచ్చువేసే ముక్క ఒక్కచోటే ఉంది కదా, అక్కడ మారిస్తే చాలు."

"చాలు. రేపు మిషన్ మారినా ఆ ఒక్కచోట దిద్దుకుంటాము." కీబోర్డు టకటకమంటోంది అప్పుడే. "పెట్టేయ్, నువ్వు మాట్లాడితే నాకు అక్షరాలు తప్పుతాయి."

పెట్టేశాను. అక్షరాలెందుకు తప్పుతాయట. నేనేం మాట్లాడానని. కుర్చీ ఎత్తి కూర్చున్నాను, చల్లారిన పెట్టె ముందు, నల్లని తెరలో నా ముఖం నాకే కనపడుతోంది, జుట్టంతా రేగిపోయి, నవ్వుతూ. పిచ్చి పిల్లా, ఎందుకు నవ్వుతున్నావు, ఇంకా ఏమీ కాలేదు, అతను సరిగ్గా రాశాడో లేదో, ఒక్క అక్షరం జారినా మొత్తం పేజీ రాదు, కనీసం నిన్న మొదటి పేజీ అయినా వచ్చింది, చూసుకోవడానికి కరెంటు లేదు, నేను అనుకున్నదే అసలు తప్పు కాకపోతే? అయినా ఈ సంతోషాన్ని ఎక్కడ దాచుకోను, తెలిసిందనే సంతోషం, పని కంపెనీవాళ్ళకే ఇచ్చుకున్నా ఇది మాత్రం నా దగ్గరే ఉంటుంది. కానీ ఇవ్వకూడదు. ఇవ్వనివ్వను. వచ్చే జూన్‌లో పాలమూరులో ఒక పిల్ల, చంకలో చిన్నది ఉన్నా లేకపోయినా, బస్సెక్కకుండా తెలుసుకోవాలి.

రంగనాథ్ సారే ముందు వచ్చారు. ఖాదీ చొక్కా, గొడుగు, వెనక కమిటీవాళ్ళు ఇద్దరు. "ఏమ్మా, సిద్ధమా?" అన్నారు. నేను పైకి చూపించాను, ఆగిన ఫ్యాను వైపు. "పదకొండింటికని అన్నరు సార్, జర ఆగుండ్రి," అన్నాడు సత్తయ్య, తప్పంతా తనదే అయినట్టు. ఆయన వాచీ చూసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు ట్యూబులైట్లు టిక్కుటిక్కుమన్నాయి, ఫ్యాను ఒక్కసారి ఊగింది, పిచ్చుకలు రెండూ కిచకిచలాడుతూ ప్రొఫెసరు గారి నెత్తిమీదుగా కిటికీలోకి ఎగిరిపోయాయి, ఆయన గొడుగు అడ్డం పెట్టుకున్నారు. పెట్టె మూలుగుతూ లేస్తోంది, నెమ్మదిగా, ఎంత నెమ్మదిగా, మా పాత ఇంటి ఓనరు మెట్లెక్కినట్టు. బ్రౌజరు తెరిచి నేను పక్కకు జరిగాను. ఆయన కూర్చుని, కళ్ళద్దాలు మార్చుకుని, ఒంటివేలితో కొట్టారు, అక్షరం అక్షరం వెతుక్కుంటూ. చివర గీత కొట్టలేదు. కొట్టరని నాకు తెలుసు.

తెలుగు పుస్తకాలు. వచ్చింది. అంటే గిరీషు ఏదీ చెడగొట్టలేదు. పైన పట్టీలో గీత లేదు, ముసలాయన మళ్ళీ తార్నాకలోనే దిగాడు, దిగనీ. రంగనాథ్ సారు బాణం గుర్తును అటూ ఇటూ తిప్పి కథలు మీద పెట్టారు. నొక్కారు. తెర తెల్లగా అయింది. అలాగే ఉంది. ఇంకా అలాగే ఉంది. నేను సత్తయ్య చెయ్యి పట్టుకున్నట్టున్నాను. పైనుంచి ఒక్కో వరుసా దిగడం మొదలైంది, పేర్లు, పేర్లు, పేర్లు, ఏ బీరువా, ఏ అర, ఉన్నది, ఉన్నది, ఉన్నది. ఆయన వెనక్కి వెళ్ళి చరిత్ర నొక్కారు. వచ్చింది. దాని లోపల దక్కను, దాని లోపల ఇంకేదో, నాలుగు గదులు లోపలికెళ్ళి అక్కడినుంచి తిన్నగా మొదటి పేజీకి నొక్కారు, వచ్చింది. "బాగుందమ్మా," అన్నారు వెనక్కి తిరగకుండా, "ఉంచేద్దాం దీన్నే. కంపెనీవాళ్ళకు నేను చెబుతాను." కమిటీలో ఒకాయన ఏదో అడగబోతే, "ఉండవయ్యా, నేనొక పుస్తకం చూసుకుంటున్నాను," అని కసిరి మళ్ళీ నొక్కారు. నాకు ఏడుపొచ్చింది. అమ్మను ఇక్కడికి తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి, ఒక్క శనివారం, ఆమె తిప్పిన కార్డులన్నిటికీ బదులు. అప్పుడు కూడా పోనీలే అంటుందేమో చూడాలి.

ఫోను మోగింది. ఈసారి సత్తయ్య ఎత్తి, "అయింది సార్, మస్తుగ అయింది, పెద్దసారు ఇడిసిపెడ్తలేరు, ఒత్తుతనే ఉన్నరు," అని నాకు అందించాడు.

"ఆడిందా?"

"ఆడింది."

అటు సర్వరు చప్పుడు, ఇటు ఫ్యాను చప్పుడు. "అమ్మ అడుగుతాండాది," అన్నాడు గిరీషు, "సాయంత్రం ప్రిస్కిల్లా వస్తాదా, మజ్జిగ చేసి పెడతా, వాళ్ళ పాట ఒకటి పాడాలంట అని. నేను కూడా... నాకు కూడా నీతో ఒక మాట చెప్పేదుంది. వస్తావా?"

వానాకాలం నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో ఆ ఇంటికి. దానిమ్మ చెట్టుకు ఎన్ని కాయలున్నాయో కూడా చెప్పగలను.

"వస్తాను," అన్నాను. "ఏ స్టాపులో దిగాలి?"

అతను నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు. "మెయిన్ గేటు కంటే ముందు నుంచే చెప్తా విను," అన్నాడు. "లైబ్రరీ మెట్లు దిగి ఎడమకు రా, చింతచెట్ల కింద నడిచి గేటు దగ్గర బస్సెక్కు, తార్నాక చౌరస్తాలో దిగు, తార్నాకలోనే దిగు, లాలాపేట దాకా పోవద్దు, ఇస్త్రీ బండి వస్తాది, అది దాటి..." ఒక్క మలుపు కూడా వదలకుండా చెబుతున్నాడు, తాపీగా, అనంతపురం తాపీగా. నేను ఫోను చెవికి ఆనించుకుని, నాకు తెలిసిన దారినంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకున్నాను.